మూలగోడ బరువెత్తుకున్న గంట

మొదటి జాకీ పావు చుట్టు దిగింది. గాజుముక్కలు పగల్లేదు. కింద నుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఇంకోసారి లెక్కపెట్టాను, ఏడూ ఉన్నాయి. గోడ మీద పాత పగులు పాకిన దారి పొడుగునా అడ్డంగా అతికించిన సన్నటి గాజులు, ఒక్కొక్కటి నా చూపుడువేలంత; గోడ వెంట్రుకవాసి కదిలినా ముందు అవే చెబుతాయి. వాటికి ఎదురుగా సున్నం మోసే ఇనుప తట్ట, గమేళా, బోర్లించి దాని మీద కూర్చున్నాను, కూర్చున్నానన్న మాటే గాని కాళ్ళు కూర్చోవడం లేదు, మడమలు వాటంతటవే నేలను కొడుతున్నాయి, నవ్వొస్తోంది, ఎందుకో తెలియదు, పెదవి కొరుక్కుని ఆపుకుంటున్నాను. మొక్తార్ ఉస్తాద్ జాకీ దగ్గర వంగి, ఇనుప కడ్డీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మున్సిపాలిటీ ఇంజనీరు సుప్రకాశ్ బాబు పసుప్పచ్చ టోపీ పెట్టుకుని ఒకసారి గడియారం, ఒకసారి గోడ చూస్తున్నాడు. ఈ ఇంటి యజమానురాలైన ప్రణతి దిదిని లోపలికి రానివ్వలేదు, వీధి గుమ్మం దగ్గరే నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. మేడని మోసే ఇనుప దూలం కొస ఈ మూలగోడ మీదే ఆనాలి. మూడు నెలలుగా ఆ బరువుని గోడకి బదులు మూడు జాకీలు మోస్తున్నాయి, ఇవాళ కొంచెం కొంచెంగా దించి గోడకి అప్పజెప్పాలి. ఒక్కో జాకీకి నాలుగు పావు చుట్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య ఐదు నిమిషాలు, మొత్తం గంట పని. గోడ మోస్తే గుమ్మం మీద మేకులతో కొట్టిన ఎర్ర బోర్డు, 'ప్రమాదకరమైన ఇల్లు' అన్నది, ఊడిపోతుంది. మోయకపోతే ఇల్లే పోతుంది, గడ్డపారలతో వస్తారు. ఇంతవరకూ ఇక్కడున్న అందరికీ తెలుసు. ఈ మూలని నేల నుంచి నడుం దాకా, పదిహేడు వరసలు, కట్టింది ఉస్తాద్ కాదని, నేనని, మా ఇద్దరికే తెలుసు.

"ఐదయింది," అన్నాడు సుప్రకాశ్ బాబు. "కానివ్వండి, మొక్తార్ మియా."

రెండో జాకీ. కడ్డీ కిర్రుమంది, పైన దూలం లోపలెక్కడో చిన్నగా మూలిగింది, ఆ మూలుగు నా వెన్నులోంచి దిగి నేలలోకి పోయింది. ఏడు. ఏడూ ఉన్నాయి. మాఘమాసపు ఎండ కిటికీలోంచి వాలి సరిగ్గా ఆరో వరస మీద పడుతోంది, అది నేను పెట్టిన ఆరో వరస, దానిలో మూడో ఇటుక అంచు కొంచెం విరిగి ఉంటుంది, విరిగిన వైపు లోపలికి తిప్పి పెట్టాను, ఎవరికీ కనిపించదు, నాకు కనిపిస్తోంది. ప్రతి ఇటుకా నాకు మొహం ఉన్నట్టే తెలుసు. నీళ్ళ తొట్టిలో వేసి బుడగలు రావడం ఆగిపోయేదాకా చూసి, తీసి, తడి ఆరీ ఆరకముందే సున్నం పరిచి, పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు, ఇటుక కుదురుకుంటే చప్పుడు మారుతుంది, మొదటి దెబ్బకి గుల్లగా, రెండోదానికి నిండుగా. ఆ నిండు చప్పుడు కోసం ఇరవై రెండేళ్ళు కాచుకున్నాను. ఇరవై రెండేళ్ళు నేను జోగాడేని, అంటే మేస్త్రీకి అందించేదాన్ని: తలమీద చుట్టకుదురు, దాని మీద గమేళా, గమేళాలో సున్నం, ఇటుక, ఇసుక, నీళ్ళు, ఏది అడిగితే అది. పరంజా ఎక్కడం, ఇవ్వడం, దిగడం. ఇచ్చేదాకా నాది, ఇచ్చాక మేస్త్రీది. పైనుంచి చెయ్యి కిందికి చాస్తుంది, ఆ చేతికి మొహం కూడా అక్కర్లేదు, నేను అందులో ఇటుక పెడతాను, చెయ్యి వెళ్ళిపోతుంది, టకటక మని రెండు దెబ్బలు వినిపిస్తాయి. మొదటి ఏడాది బరువు తప్ప ఇంకేం తెలియలేదు. రెండో ఏడు నుంచీ చప్పుళ్ళు తెలిశాయి. ఆ తర్వాత మనసులో నేనే పెట్టుకునేదాన్ని. ఈ మేస్త్రీ సందు ఎక్కువ వదిలాడు, ఇతను ఇటుక తడపలేదు, ఇతను తొందరపడ్డాడు. నోరు మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

ఆ రోజు, రెండు నెలల కిందట, నేనింకా నమ్మలేని ఆ పొద్దున, మొదటి జానెడులో కుళ్ళిన ఇటుకలు తీసేశాం, మూల నోరు తెరుచుకుని ఉంది, తూనీగ వాలినా కూలుతుందేమో అన్నట్టుంది. ఉస్తాద్ మూడు వరసలు పెట్టి, గోడ నిలువు చూసే తూకపు గుండు దారం వేలాడదీశాడు. "ఏమే ఆంగురా, దారం గోడకి తగులుతోందా?" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. దారం గోడకి రెండు వేళ్ళ దూరంలో ఉంది. తగలడం లేదన్నాను. ఆయన మళ్ళీ చూశాడు, కళ్ళు చిట్లించి చూశాడు, తల పక్కకి వంచి చూశాడు, తర్వాత మెల్లిగా నేలమీద కూర్చున్నాడు. వానలు వెళ్ళినప్పటి నుంచీ కంట్లో పొర పెరుగుతోందట. దగ్గరవి మసక, దూరంవి పొగ. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని పోతుంది, పని పోతే ఈ ఇల్లు పోతుంది, సున్నం పని తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. మూడు వరసలూ ఆయనే విప్పేశాడు, తాపీ నా వైపు చాచాడు.

"పట్టుకో."

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు, నీ నీడా? పట్టుకో. మధ్యాహ్నాలు తిండి మానేసి వెనక దొడ్డి దగ్గర నువ్వేం చేసేదానివో నాకు తెలీదనుకున్నావా? కట్టి, చూసి, విప్పి కడిగి పెట్టేదానివి. దొంగతనం కూడా శుభ్రంగా చేస్తావు."

"ఉస్తాద్, ఇది మూల."

"మూలేనని నాకూ తెలుసు. నిలబడితే నాది, పడితే నీది. సరేనా?"

నవ్వుతూ అన్నాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆయన మాట పూర్తయ్యేలోపే తాపీ నా చేతిలో ఉంది, పిడి ఆయన అరచేతి నూనెతో నల్లగా మెరుస్తోంది, వేళ్ళు దాన్ని పట్టుకున్న తీరు చూసి నాకే ఆశ్చర్యం వేసింది, అవి ఎప్పటి నుంచో దాన్ని ఎరిగినట్టున్నాయి.

ఎప్పటి నుంచో అంటే పద్మ ఒడ్డు నుంచి. మా ఊళ్ళో పద్మానది ప్రతి భాద్రపదంలో కాస్త నేల తినేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంటికీ నీటికీ మధ్య ఒక జామచెట్టు, ఒక కోళ్ళగూడు మిగిలాయి. జామచెట్టు పోయిన సాయంత్రం మా అబ్బా ఇల్లు విప్పడం మొదలుపెట్టాడు. నది తినకముందే మనమే తీసేసుకుందాం అన్నాడు. తలుపులు, కిటికీలు, పైకప్పు రేకులు, తర్వాత గోడలు. ఒక్కో ఇటుకా ఆయన వదులు చేసి కిందికి ఇస్తే నేను కొడవలి వెనక్కి తిప్పి పాత సున్నం గీకి శుభ్రం చేసేదాన్ని. రెండు ఇటుకలు ఒకదానికొకటి తాకించు, అనేవాడు. కంచులా మోగితే మంచిది, మట్టిలా మూగగా ఉంటే పక్కన పడెయ్. నాలుగు రోజులు మోగించాను. అమ్మీ ఏడుస్తోంది, పక్కింటివాళ్ళు ఏడుస్తున్నారు, నాకు మాత్రం, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడను, చెప్పలేనంత సరదాగా ఉండేది. మా ఇల్లంతా కుప్పగా నా ముందు ఉంది, ప్రతి ముక్కా నా చేతుల్లోంచి వెళ్తోంది, దాన్ని బండి మీద వేసుకుని మైలు దూరం వెళ్ళి మళ్ళీ నిలబెట్టారు. ఇల్లు పోవడమంటే నాకు ఇప్పటికీ పోవడంలా అనిపించదు. విప్పి కట్టొచ్చు. కుళ్ళినది తీసి మంచిది పెట్టొచ్చు. పెద్ద ఇంజనీర్లు 'పనికిరాదు, పడగొట్టండి' అంటుంటే నాకు అరవాలనిపించేది, ఏ ఇటుక పనికిరాదో మోగించి చూశారా అని.

మూడో జాకీ. ఏడు. మళ్ళీ మొదటిది. ఏడు. రెండోది. ఉస్తాద్ కడ్డీని చేత్తో తడిమి పట్టుకుంటున్నాడు, చూసి కాదు. సుప్రకాశ్ బాబు అది గమనించలేదు, లేక ముసలి మేస్త్రీల పద్ధతి అనుకున్నాడు. గోడ మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది, తడిగా లేదు. ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపిస్తోంది, చల్లగా ఉంది, తడిగా లేదు. నేను మొదటిసారి ఈ గోడని ముట్టుకున్నప్పుడు చెయ్యి చెమ్మతో బయటికొచ్చింది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కింద ఎవరో చెమ్మ కనిపించకూడదని పైన సిమెంటు పూశారు, నున్నగా, అందంగా. నేలలోంచి పైకి పాకిన నీళ్ళకి బయటికి దారి లేదు. గోడ లోపలే ఉండి, లోపలే ఉప్పు కక్కి, లోపల్లోపలే ఇటుకని తినేశాయి. ఉలి పెట్టి ఆ సిమెంటు పెచ్చు లేపితే ఇటుక రావడం కాదు, ఎర్రటి పొడి జలజలా కారింది, దాని మీద తెల్లగా దూదిలాంటి ఉప్పు. కొంచెం నాలుక మీద వేసుకుని చూశాను. ఛీ, ఏం తింటున్నావే అన్నాడు ఉస్తాద్. దీని జబ్బు, అన్నాను. ఆ తర్వాత అంతా వరసగా జరిగింది: సిమెంటంతా ఊడగొట్టడం, గోడకి ఊపిరాడనివ్వడం, అడుగున నల్ల పలకరాళ్ళు ఒక వరస పరిచి నేల చెమ్మకి దారి మూసెయ్యడం, ఒక జానెడు తీసి ఒక జానెడు కట్టి, పక్కది వదిలేసి దాని పక్కది తీసి, గోడకి ఒక్కసారిగా కాళ్ళు పోయాయని తెలియకుండా కొత్త కాళ్ళు పెట్టడం. సున్నంలో ఇటుక పొడి, బెల్లం నీళ్ళు, నానబెట్టిన కరక్కాయ రసం. దాన్ని కలపడం మాత్రం ఎప్పుడూ నాదే, వాసన చూసి చెప్పగలను ఎన్నాళ్ళు మాగిందో. నలభై రోజులు గోనెపట్టాలు కప్పి పూటకి నాలుగుసార్లు తడిపాను. ఆదివారాలు కూడా లాల్‌గోలా రైలు ఎక్కి ఇంటికి పోలేదు. ఇంటికి పోకపోతే మా ఆయన ఫోను. ఆయన కేరళలో మేస్త్రీ, అక్కడ పెద్ద పెద్ద అపార్టుమెంట్లు కడతాడు.

"ఎవడో నీళ్ళు చల్లలేడా? నువ్వే ఉండాలా?"

"నేనే ఉండాలి."

"ఏం, నువ్వు కట్టావా ఏంటి ఆ గోడ?"

"నేనే కట్టాను," అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు, పక్కవాళ్ళకి చెప్పాడు, వాళ్ళూ నవ్వారు, అంతా మలయాళంలో ఏదో అనుకున్నారు. "జాగ్రత్త, దాని కింద పడుకోకు," అన్నాడు. నేనూ నవ్వాను. చెప్పాల్సింది చెప్పేశాను, నమ్మకపోవడం ఆయన ఇష్టం.

గుమ్మం దగ్గర ప్రణతి దిది ఏదో అడుగుతోంది, ఎన్నయ్యాయి, ఎన్ని మిగిలాయి అని. ఎనిమిదయ్యాయి, నాలుగున్నాయి అని వేళ్ళు చూపించాను. ఆవిడ ఈ మేడ మీద అమ్మకానికి వడియాలు పెడుతుంది, ఆవిడా ఇంకో నలుగురు ఆడవాళ్ళూ, మినప్పిండిలో బూడిదగుమ్మడి తురుము కలిపి, గసగసాలు పరిచిన పళ్ళేల మీద. ఒక్కో వడియం ఒక నగలా ఉంటుంది, హారంలా, కమ్మలా. చలికాలపు ఎండలోనే పెట్టాలి, ఈ రెండు నెలలు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. భాద్రపదం వానల్లో మూలనుంచి రెండు ఇటుకలు సందులోకి రాలాయి, మర్నాడే బోర్డు పడింది, మేడ మీదికి ఎవరూ వెళ్ళకూడదన్నారు. ఆ నలుగురు ఆడవాళ్ళలో ఇద్దరు ఇప్పటికే ఇళ్ళల్లో అంట్లు తోమే పనికి కుదురుకున్నారు. దిది ఎవరినీ ఏమీ అనదు, రోజూ పదింటికి వచ్చి, ఎండ మేడ మీదికి ఎక్కిన వేళకి మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి వెళ్ళిపోతుంది. ఇంకా నాలుగే, దిదీ. చేతులు వేడిగా ఉన్నాయి, లోపల ఏదో పరిగెడుతోంది, నది ఒడ్డున పరిగెత్తినట్టు, కాళ్ళ కింద నేల ఉంటుందో ఉండదో తెలియకుండా పరిగెత్తడంలో ఉన్న సరదా అది, భయమూ అదే.

"తొమ్మిది," అన్నాడు సుప్రకాశ్ బాబు. ఉస్తాద్ కడ్డీ తిప్పాడు.

ఠక్.

వేరుశెనక్కాయ ఒలిచినంత చప్పుడు. నాలుగో గాజు మీద నిలువుగా ఒక గీత.

"ఆపండి. ఎవరూ కదలొద్దు." సుప్రకాశ్ బాబు ముఖం తెల్లబడింది. చిన్నవాడు, ముప్పై దాటి ఉండవు, సంతకం పెట్టాల్సింది అతనే. "జాకీలు బిగించండి. దూలాన్ని తిరిగి ఎత్తండి. ఇక అయిపోయింది, నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఈ మూల ఎవరు కట్టారు? మీరేనా?"

"నేనే, బాబూ," అన్నాడు ఉస్తాద్, వంగినవాడు నిటారుగా లేచి. "నా చేతి పని. తప్పుంటే నాది."

నిలబడితే నాది, పడితే నీది అన్న మనిషి. అది విని, కోపమో ప్రేమో తెలియదు, నేను లేచి నిలబడి ఉన్నాను, గమేళా దొర్లిపోయింది.

"కాదు బాబూ. నేను కట్టాను."

"నోర్ముయ్, ఆంగురా."

"పదిహేడు వరసలూ నేనే కట్టాను. ఆయన పక్కన కూర్చున్నాడు. జాకీ మాత్రం ఎత్తకండి, బాబూ, మీకు దండం పెడతాను, ఎత్తకండి. దించనూ వద్దు. ఉన్నచోట ఉంచండి."

సుప్రకాశ్ బాబు నన్ను అప్పుడే ఆ గదిలోకి వచ్చినట్టు చూశాడు, పిన్నిని పిలిచినట్టు పిలిచాడు. "మాసీ, గాజు పగిలింది. కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. గోరు పెట్టి చూడండి. రెండు ముక్కల మధ్య గోరు దూరుతుందా? గోడ పక్కకి జరిగితే ముక్కలు విడిపోతాయి, ఒకటి ముందుకొస్తుంది. ఇవి అంటుకునే ఉన్నాయి. ఇది నొక్కుకుని పగిలింది. పైన మూడూ, కింద మూడూ బాగున్నాయి, చూడండి. గోడ ఇప్పుడే బరువు పట్టుకుంది, బాబూ. పట్టుకునేటప్పుడు కొంచెం కూర్చుంటుంది. సిమెంటు అయితే మొండికేసి ఒకేసారి విరుగుతుంది, సున్నం అలా కాదు, సర్దుకుంటుంది, సర్దుకుని ఆగుతుంది. ఇప్పుడు మీరు పైకి ఎత్తితే పాత వరసకీ కొత్త వరసకీ మధ్య సందు విడిపోతుంది. అప్పుడు నిజంగానే పోతుంది."

"ఆగకపోతే?"

"ఆగకపోతే ఇంకో గాజు చెబుతుంది. దీని పక్కనే కొత్తది అతికిస్తాను. అరగంట చూడండి. అది పగిలితే గడ్డపార నేనే తెస్తాను."

ఆ ఆఖరు మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో. సుప్రకాశ్ బాబు గోరు పెట్టి చూశాడు, తర్వాత జేబులోంచి బ్లేడు తీసి చూశాడు, అదీ దూరలేదు. ఉస్తాద్ సంచిలో ఉన్న తూకపు గుండు ఇంజనీరే తీసుకుని వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా నిలబడి, పైనా కిందా కొలిచాడు. రెండూ ఒకటే వచ్చాయి. మళ్ళీ కొలిచాడు.

"అరగంట," అన్నాడు. "ఒక్క నిమిషం ఎక్కువ కాదు."

గాజుకోత పెన్సిలుతో గీసి ముక్క విరిచాను, గిన్నెలో తెల్ల ప్లాస్టరు కలిపాను, పది నిమిషాల్లో గట్టిపడే రకం, రెండు కొసలకీ రెండు ముద్దలు, గోడకి నొక్కి బొటనవేళ్ళతో పట్టుకున్నాను. అందరూ నా చేతినే చూస్తున్నారు, ఇన్నేళ్ళలో ఎవరూ నా చేతిని చూడలేదు, చేతిలో ఉన్నదాన్నే చూశారు, అది గుర్తొచ్చి ఈ పరిస్థితిలో కూడా మళ్ళీ ఆ పిచ్చి నవ్వు. ప్లాస్టరు వేడెక్కింది, అంటే పట్టింది. చేతులు తీశాను. సుప్రకాశ్ బాబు అరగంట అప్పటినుంచి లెక్క మొదలుపెట్టాడు, న్యాయంగా.

ప్రణతి దిది లోపలికి రావొద్దన్నా వచ్చేసింది. నా పక్కన నేలమీద, సున్నపు మరకల మీద, ఉతికిన చీరతో కూర్చుంది.

"నిజంగా నువ్వేనా?"

"నేనే, దిదీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకునేవారా?"

ఆవిడ ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒప్పుకునేదాన్ని కాదు," అంది. "ఇప్పుడు ఏం అనుకోవాలో తెలియడం లేదు. చెయ్యి ఇలా ఇవ్వు," అంది. ఇచ్చాను. సున్నం తిన్న వేళ్ళు, గోళ్ళ చుట్టూ పగుళ్ళు. ఆవిడ వేళ్ళు మినప్పిండితో నాని మెత్తగా ఉన్నాయి, అవీ రోజంతా ఒకే పని చేసిన వేళ్ళే. ఇద్దరం అలా పట్టుకుని గాజు వైపు చూస్తూ కూర్చున్నాం. గాజులో కిటికీ కనిపిస్తోంది, కిటికీలో ఆకాశం ముక్క, ఆ ముక్కలో ఎవరిదో గాలిపటం వచ్చి పోతోంది. అది పగిలితే ఆకాశం రెండవుతుంది. పగలకు. పగిలితే దిది చెయ్యి వదిలేస్తుందా? వదలదేమో. గోడ లోపల ఇప్పుడు ఏం జరుగుతోందో నాకు తెలుస్తోందనిపిస్తోంది, బరువు దూలం కొస నుంచి దిగి, పాత గోడలోంచి పదిహేడో వరస మీదికి, అక్కడ రెండుగా చీలి పదహారు మీదికి, నాలుగుగా, ఎనిమిదిగా, ప్రతి ఇటుకా తన కింద ఉన్న రెండింటికీ పంచుతూ, గమేళాలు చేతులు మారినట్టే, ఒకరి తల నుంచి ఒకరి తలకి, పలకరాళ్ళ దాకా, అక్కడినుంచి నేలకి. ఎవరూ జారవిడవకండి. పదకొండో వరసలో ఒక ఇటుక మీద నాకు అనుమానం ఉండింది, రెండుసార్లు మోగించి చూశాను, బాగానే మోగింది, బాగానే మోగింది కదా, నిలబడు తల్లీ. ఉస్తాద్ వచ్చి నా వెనక గొంతుక్కూర్చున్నాడు.

"నీ నోటికి తాళం లేదే," అన్నాడు చిన్నగా.

"మీకు ఉందా? మీరెందుకు మీదేసుకున్నారు?"

"డెబ్భై ఏళ్ళొచ్చాయి. చెడ్డపేరు వస్తే ఎన్నాళ్ళు మోస్తాను నేను? నీకు ముందు చాలా ఉంది." ఆగి, "ఏం, పగిలిందా? నాకు ఇక్కణ్ణుంచి కనిపించదు," అన్నాడు.

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు ఉస్తాద్."

"ఎంతసేపయింది?"

నేను గడియారం చూడటం లేదు. నా కళ్ళు ఆ వేలెడంత గాజు మీదే ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి, రెప్ప వెయ్యకపోవడం వల్లే అనుకోండి. వీధిలో జనం ఆగుతున్నట్టున్నారు, గొణుగుడు వినిపిస్తోంది, ఎవరో పడుతుందట అన్నారు, ఎవరో పడదట అన్నారు, రిక్షా బూరా మోగింది, దిది చేతిలో నా చెయ్యి చెమట పట్టింది.

"అరగంట అయింది," అన్నాడు సుప్రకాశ్ బాబు. వచ్చి గాజుని అతి దగ్గరగా, ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు. గోరుతో మీటాడు. చిన్నగా, శుభ్రంగా మోగింది. అతను టోపీ తీసి తల తుడుచుకున్నాడు, ఆ తల నిండా చెమట, అప్పుడర్థమైంది అతనూ మాతోపాటే ఉగ్గబట్టుకుని ఉన్నాడని. "మాసీ, మిగిలిన మూడు చుట్లు నువ్వు తిప్పు," అన్నాడు.

కడ్డీ పట్టుకున్నాను. పది. ఐదు నిమిషాలు. పదకొండు. ఐదు నిమిషాలు. నా భుజాల్లో ఏదో పాడుతోంది. పన్నెండు. జాకీ తల దూలం నుంచి విడిపోయింది, మధ్యలో ఒక సందు, సన్నగా, అందులోంచి అవతలి వెలుగు కనిపించింది. మూడు జాకీల్లో ఏదీ ఇక దేన్నీ మొయ్యడం లేదు. చేత్తో తోస్తే ఊగింది, ఉత్త ఇనుప ముక్కలా. దూలం గోడ మీద ఉంది. గోడ నేల మీద ఉంది. అందరం పైకే చూస్తున్నాం.

"బోర్డు తియ్యడానికి కాగితం రెండ్రోజులు పడుతుంది," అన్నాడు సుప్రకాశ్ బాబు, రాసుకుంటూ. "మేడ మీదికి మాత్రం..." పెన్ను మూత పెట్టాడు, "వెళ్ళొచ్చు. ఇప్పుడే వెళ్ళండి, కావాలంటే."

ప్రణతి దిది యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మెట్లు పరిగెత్తి ఎక్కింది. అడుగులు పైన వినిపించాయి, ధబ ధబ, గది దాటి, వసారా దాటి, సరిగ్గా దూలం కొస మీదికి వచ్చి ఆగాయి. అక్కడ నిలబడి ఆవిడ కావాలనే ఒకసారి గెంతింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నా అరచెయ్యి గోడ మీదే ఉంది. ఆ గెంతు పైనుంచి దిగి, వరస వరసగా దిగి, నా చేతికి తగిలి, కిందికి పోయింది. మూడుసార్లూ. గాజులు మెరుస్తూ అలాగే ఉన్నాయి.

చేతులు కడుక్కుని వీధి అరుగు మీదికి వచ్చాను. ఎండ మొహాన కొట్టింది. గుంపు పల్చబడుతోంది, పడలేదని కొంతమందికి నిరాశగా ఉన్నట్టుంది. చేపల సంచీ పట్టుకున్న ఒకావిడ మాత్రం, లోపలి మాటలన్నీ గుమ్మంలోంచి విన్నదేమో, వెళ్ళకుండా మెట్ల దాకా వచ్చింది.

"మేస్త్రీ, మా వంటింటి గోడకి కూడా ఇలాగే తెల్లగా ఉప్పు పూస్తోంది. ఒకసారి వచ్చి చూస్తారా?"

నేను అలవాటుగా ఉస్తాద్ వైపు తిరిగాను. ఆయన అరుగు చివర కూర్చుని బీడీ వెలిగించుకునే పనిలో మునిగిపోయి ఉన్నాడు. అగ్గిపుల్ల ఆరిపోయింది, ఇంకోటి గీశాడు, తల ఎత్తలేదు. ఆవిడ ఆయన్ని చూడనే లేదు, నా మొహం చూస్తూ నిలబడి ఉంది, సంచిలోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"గోడకి సిమెంటు పూశారా?" అన్నాను.

"పూశాం. రెండేళ్ళయింది."

"ముందు అది ఊడగొట్టాలి," అన్నాను, చెప్పులు వేసుకుంటూ. "పదండి."